క్షుతసంజీవని: ‘ఏన్గు బుక్కు’కు నాగారం వ్యాఖ్య

అవతారిక

కోలాచల మల్లినాథసూరి మెతుకుసీమ వాడు. మెదక్ దాపున కొల్చారం ఆయన ఊరు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసినవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగాన్ని తలదాల్చి, రెండో సగాన్ని ఆ మహానుభావుడికే విడిచిపెట్టి, నాగారంలో వెలసిన ఒక లఘుగ్రంథానికి టీక రాయ పూనుకున్నాడు. గ్రంథానికి ఆయువుపట్టు తుమ్ము. తుమ్మినవారిని చిరంజీవ అనడం మన ఆచారం. కనుక వ్యాఖ్యకు క్షుతసంజీవని అని పేరు.

గ్రంథకర్త్రి వయసు నాలుగేళ్లు. నివాసం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా నాగారంలో ఒక అపార్టుమెంటు, మూడో అంతస్తు. రచనాకాలం రాత్రి తొమ్మిదిన్నర; అంటే గిన్నెలు కడగడం అయ్యాక, దోమల బ్యాటు టపటపలు ఆగాక. సందర్భమేమనగా, తండ్రి ఉప్పల్ ట్రాఫిక్కును ఈది ఇల్లు చేరి, బొమ్మల పుస్తకం ఒకసారి గబగబా చదివేసి, లైటు ఆర్పడానికి చెయ్యి చాపాడు. అప్పుడు గ్రంథకర్త్రి ఇట్లనియె.

మూలం

“డాడీ, ఏన్గు బుక్కు మల్ల సద్వు. అట్ల గాదు, నానమ్మ లెక్క తుమ్మాలె!”

ఛందస్సు: గద్యం. గణాలు కుదరలేదు గానీ, యతి ఉండవలసిన చోట మంచం మీద ఒక గెంతు ఉంది.

ప్రతిపదార్థం

డాడీ = ఓ తండ్రీ (ఆవులిస్తున్నవాడా అని అధ్యాహారం); ఏన్గు బుక్కు = ఏనుగు నాయకుడుగా గల, అట్టమూల నమిలి ఉన్న పుస్తకమును; మల్ల = మరల (ఎన్నోసారి అను వివక్ష లేదు); సద్వు = చదువుము (విధ్యర్థకము; ప్రార్థనార్థకమని భ్రమపడరాదు); అట్ల గాదు = ఇంతకుముందు నీవు కానిచ్చిన తీరున గాక; నానమ్మ లెక్క = పితామహి వలె; తుమ్మాలె = తుమ్మవలెను.

పాఠభేదం: ఎదురు ఫ్లాటులో రాజమండ్రి నుంచి వచ్చిన కుటుంబంలో “నానమ్మలాగ తుమ్మాలి” అని పాఠం. అర్థభేదం లేదు. తుమ్ములో మాత్రం కొంత భేదం ఉన్నట్టు గోడ గుండా తెలుస్తోంది.

తాత్పర్యం

ఓ తండ్రీ! ఏనుగుకు జలుబు చేసిన పుస్తకాన్ని నీవు చదివితివి, కానీ చదవలేదు. అక్షరాలన్నీ పలికితివి, తుమ్మును మాత్రం వార్తలు చదివినట్టు చదివితివి. ఏనుగు తుమ్మితే ఎట్లుండునో నానమ్మను చూచి నేర్చుకొని, ఆ ప్రకారం మరల చదువుము అని భావం.

వ్యాఖ్య

*డాడీ.* అమ్మ ఉండగా తండ్రినే ఏల సంబోధించె? అని శంక. అమ్మ సాయంత్రమే చదివింది, పిల్ల మళ్లీ అడిగితే “మీ డాడీ వస్తడు, ఆయన్నడుగు” అని అధికారాన్ని బదిలీ చేసింది. కాబట్టి సంబోధన సమంజసం.

*ఏన్గు బుక్కు.* ఇది చెన్నైకి చెందిన తూలిక ప్రచురణ, ‘గజపతి కులపతి’ అని విజ్ఞుల నిర్ణయం. రచన, బొమ్మలు రెండూ అశోక్ రాజగోపాలన్‌వే. ఏనుగుకు జలుబు చేస్తుంది, ఏనుగు తుమ్ముతుంది. వస్తువు ఇంతే. ఇంత చిన్న వస్తువును కావ్యం చేసింది బొమ్మ.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు ‘బాల’ పెట్టినప్పుడూ, 1947 జులైలో ‘చందమామ’ వచ్చినప్పుడూ, బొమ్మలు ఎంత గొప్పవైనా కథ నడిచింది అక్షరాల్లోనే. అక్షరాలు రాని పిల్ల ఎవరో చదువుతుంటే వినాలి. హాస్యపు బొమ్మల పుస్తకంలో పంపకం వేరు. అక్షరం తండ్రి వాటా, బొమ్మ బిడ్డ వాటా. తండ్రి చూపు వాక్యం వెంట ఎడమనుంచి కుడికి నడుస్తుండగా, బిడ్డ చూపు పుటంతా ఒక్కసారే మింగేస్తుంది. నవ్వు దగ్గరికి ముందు చేరేది బిడ్డే. తండ్రి ఇంకా కామా దగ్గర ఉంటాడు.

ఇటువంటి గ్రంథాలు ఎక్కడ లభించును? అన్నచో, నాగారం నుంచి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం, హబ్సిగూడ దాటితే తార్నాక. పిల్లల పుస్తకాలు వేసే ‘మంచి పుస్తకం’ చిరునామా అదే. ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చిన సోవియట్ బాలసాహిత్యంలో ఎన్నిటినో వాళ్లు మళ్లీ అచ్చువేశారు.

*మల్ల.* ఇది గ్రంథానికి ప్రాణపదం. ఒక గ్రంథం తాత్పర్యం తేల్చడానికి మీమాంసకులు ఆరు లింగాలు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ప్రకృతంలో సమన్వయం ఎట్లనగా, జలుబుతో ఉపక్రమం, తుమ్ముతో ఉపసంహారం. “మల్ల” అనేదే అభ్యాసం. ఏనుగు తుమ్మడం నాగారంలో ప్రత్యక్షానికి గానీ అనుమానానికి గానీ అందదు కనుక అపూర్వత. నవ్వు ఫలం. నానమ్మను మెచ్చుకోవడం అర్థవాదం. అంత తొండం గలవాడికి అంత తుమ్ము రావాలి గదా అన్నది ఉపపత్తి.

శంక: చదివిందే చదవడం పునరుక్తి దోషం గదా? సమాధానం: భయంలో, శోకంలో, అసూయలో, హర్షంలో, విస్మయంలో మళ్లీ పలికిన మాట పునరుక్తి కాదని ఆలంకారికుడు భామహుడు ఏనాడో మినహాయింపు ఇచ్చాడు. హర్షవిస్మయాలు రెండూ ఇక్కడ మంచమెక్కి గెంతుతున్నాయి. పైగా ఆధునికుల సాక్ష్యం కూడా ఉంది. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగంలో, మూడేళ్ల పిల్లల్లో కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ చదివారు, కొందరికి వేర్వేరు కథలు చదివారు. కొత్త మాటలు రెండు జట్లకూ అవే, అన్నేసి సార్లే వినిపించారు. ఆ మాటలను బాగా పట్టుకున్నది అవే కథలు విన్న పిల్లలు. “మల్ల” అన్న పిల్లది మంకుపట్టు అనుకునే తండ్రులు దీన్ని ఫ్రిజ్జు మీద అంటించుకోవచ్చు.

అయితే మళ్లీ చదివినప్పుడు నవ్వు మొదటి నవ్వే కాదు. మొదటిసారి తుమ్ము వచ్చాక నవ్వింది. ఇప్పుడు తుమ్ముకు ముందరి పుట తిప్పకముందే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మొదటి నవ్వు పుస్తకం ఇచ్చింది, రెండో నవ్వు పిల్ల తన దగ్గర దాచుకుని తెచ్చింది. అందుకే పుటద్వయలంఘనం, అనగా రెండు పుటలు కలిపి తిప్పేయడం, ఈ శాస్త్రంలో మహాదోషం. చేసినవాడు తక్షణం పట్టుబడతాడు, మొదటి పుట నుంచి ప్రాయశ్చిత్తం చెల్లిస్తాడు.

*నానమ్మ లెక్క తుమ్మాలె.* నానమ్మ ఆలేరు నుంచి వచ్చింది. కళ్లద్దాలు ఏ తలగడ కింద ఉన్నాయో తెలియదు కనుక అక్షరాల జోలికి పోదు. బొమ్మ చూసి తోచింది చెబుతుంది. ఒకనాడు ఏనుగుకు శొంఠి కషాయం పోస్తుంది, ఇంకోనాడు విక్స్ రాస్తుంది. తుమ్ము దగ్గరికి వచ్చేసరికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టి, కళ్లు మూసి, ఊపిరి లోపలికి లాగి, లాగి, ఆపుతుంది. ఆ ఆపడంలోనే ధ్వని అంతా ఉంది. కావ్యానికి ధ్వనే ఆత్మ అన్న ఆనందవర్ధనుడు వింటే ఉదాహరించి ఉండేవాడు. తుమ్మాక ఏనుగు బొమ్మ నిమిరి “నూరేండ్లు బతుకు బిడ్డా” అంటుంది. తండ్రి ఒక్క పుట మింగితే ఒప్పుకోని పిల్ల, కథనంతా మార్చేసే నానమ్మను ఏమీ అనదు. తండ్రి తగ్గిస్తాడు, నానమ్మ పెంచుతుంది. తేడా పిల్లకు తెలుసు.

రసవిచారం

రసం హాస్యం. నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వును ఆరుగా విభజించాడు. పళ్లు కనబడని స్మితం, కొద్దిగా కనబడే హసితం ఉత్తములవి. మెత్తని చప్పుడు గల విహసితం, ముక్కుపుటాలు ఉబ్బే ఉపహసితం మధ్యములవి. కంట నీరుతో భుజాలు అదిరే అపహసితం, డొక్కలు పట్టుకుని బిగ్గరగా నవ్వే అతిహసితం అధములవి. ఈ లెక్కన మన గ్రంథకర్త్రి శుద్ధ అధమపాత్ర. తండ్రి స్మితం దగ్గర కాలు జారకుండా నిలబడ్డ ఉత్తముడు. గ్రంథం చేసే పనల్లా ఈ ఉత్తముణ్ని ఒక్కో మెట్టే కిందికి దింపడం. ఈ శాస్త్రంలో అతిహసితం దాకా దిగినవాడే ఉత్తమాధికారి అని సిద్ధాంతం.

హాస్యానికి అధిదేవతలు ప్రమథులని కూడా భరతుడే చెప్పాడు. ప్రమథనాథుడు నాగారానికి దగ్గర్లోనే కీసరగుట్ట మీద రామలింగేశ్వరుడై ఉన్నాడు. కాశీ నుంచి లింగం తెమ్మని రాముడు పంపితే హనుమంతుడు ఆలస్యం చేశాడనీ, వచ్చేసరికి ప్రతిష్ఠ అయిపోవడంతో తెచ్చిన 101 లింగాలనూ కోపంతో గుట్టంతా విసిరేశాడనీ స్థలపురాణం. శివరాత్రి జాతరలో పెద్దలు ఆ లింగాలకు దండం పెడుతుంటే పిల్లలు “హనుమంతుడు మంకుపట్టు పట్టిండా?” అని అడుగుతారు. స్థలపురాణాన్ని బొమ్మల పుస్తకంగా చదవడమంటే ఇదే.

నీతివిచారం

పూర్వపక్షం: నాలుగో అంతస్తు పెద్దాయన అడిగారు, “అంతా బాగుంది, ఇందులో నీతి ఏమిటి? జలుబు చేస్తే రుమాలు వాడాలనా?” నీతి లేని కథ పిల్లలకు చెప్పడమంటే మనవాళ్లకు ఉప్పులేని పప్పు వడ్డించినట్టు ఉంటుంది. కథ ముగియగానే “ఏం నేర్చుకున్నవ్?” అని అడిగి, నవ్వుతున్న మొహాన్ని పరీక్ష మొహంగా మార్చేదాకా మనకు తృప్తి లేదు.

సిద్ధాంతం: కొర్నేయ్ చుకోవ్‌స్కీ అనే రష్యన్ కవి, ‘రెండు నుంచి ఐదు దాకా’ అని పిల్లల మాటల మీద పుస్తకం రాసినవాడు, తలకిందుల మాటలను పిల్లలు ఎందుకు ప్రేమిస్తారో విచారించాడు. ఆయన కూతురు రెండేళ్లయినా నిండకముందే, కుక్క మ్యావ్ అంటుందని ప్రకటించి తానే నవ్వింది. కుక్క ఏమంటుందో రూఢిగా తెలిసినవారికే ఆ నవ్వు సాధ్యం. తలకిందులు చేయగలిగితే తిన్ననిది వచ్చినట్టే. మరో రష్యన్ బాలల రచయిత సుతేయెవ్ కథలో కుక్కపిల్ల మ్యావ్ అన్నది ఎవరో తెలియక కోడినీ ఎలుకనూ అడుగుతూ తిరుగుతుంటే, వింటున్న పిల్లకు జవాబు ముందే తెలుసు. లోకంలో తనకంటే తెలియనివాడు ఒకడు దొరికాడు! అంతకంటే పండగ ఏముంది? ఎలీనా హోయికా బృందం 2008లో చూపింది మరొకటి. రెండేళ్ల లోపు, ఆ చుట్టుపక్కల వయసు పిల్లలకు పుస్తకం చదివేటప్పుడు, హాస్యపు పుటల దగ్గర తల్లిదండ్రులు కళ్లెదుటి బొమ్మను దాటి, ఊహకూ అపనమ్మకానికీ చెందిన మాటలు ఎక్కువగా అన్నారు. “ఉత్తదే, అట్ల ఉంటదా?” అనేది చిన్న మాట కాదు. నిజమేదో, ఉత్తదేదో తేల్చుకునే తర్కం అక్కడే మొదలు.

ఇక అసలు రహస్యం. పగలంతా ఆ ఇంట్లో విధివాక్యాలన్నీ పైనుంచి కిందికే వస్తాయి. ముక్కు తుడుచుకో. తుమ్మేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకో. అరవకు, కింద ఫ్లాటువాళ్లు అంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు విధి దిక్కు మారుతుంది. “సద్వు” అంటే తండ్రి చదవాలి. “తుమ్మాలె” అంటే, చెయ్యి అడ్డం లేకుండా, కింద ఫ్లాటు వినేట్టు తుమ్మాలి. చుకోవ్‌స్కీ చెప్పిన తలకిందులు బొమ్మలోని ఏనుగుతో ఆగలేదు. చాప మీద కూర్చున్న డాడీ దాకా వచ్చింది. ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు గలవాడు పది నిమిషాలపాటు అందరికంటే చిన్నదాని ఆజ్ఞకు లోబడి, జలుబు చేసిన ఏనుగవుతాడు. పెద్దవాళ్ల పెద్దరికం తీసి పక్కన పెట్టదగినదనీ, పెట్టినా మర్నాటికి చెడకుండా ఉంటుందనీ పిల్లకు ఇంతకంటే బాగా చెప్పే శాస్త్రం లేదు. పెద్దాయన అడిగిన నీతి ఉంటే ఇదే ఉంది. అది పిల్లకు కాదు, చదివేవాడికి.

ఫలశ్రుతి

ఈ గ్రంథాన్ని నిత్యం రాత్రివేళ ఎవరు బిగ్గరగా పఠిస్తారో వారి గొంతు బొంగురుపోవును, ఫోను ఛార్జింగు మిగులును, ఎదురు ఫ్లాటు పిల్ల తన దిండు పట్టుకుని వచ్చి చేరును. ఎవరు మనసులో చదువుకుంటారో వారికి ఏమీ కాదు. ఎవరు చివర నీతి అడుగుతారో వారికి మరునాటి నుంచి ఆ పుస్తకం వినిపించే భాగ్యం నానమ్మకు బదిలీ అగును. తుమ్మనివారు చదివినవారు కారు.

ఇది నాగారపురవాస్తవ్య చతుర్వర్ష బాలికాప్రణీతంబైన ఏన్గు బుక్కు సూత్రమునకు క్షుతసంజీవనీ వ్యాఖ్య. రెండో ఆవృత్తి వెంటనే మొదలు.