దగ్గుపై దావా

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా అల్లుడుగారు అరిసెలు మూటగట్టుకుని వెళ్తూ జలుబు మాకు వదిలి వెళ్లారు. అల్లుణ్ణి ఏమీ అనకూడదు కాబట్టి నేరం మా విస్సన్నపేట మంచు మీదికి నెట్టాం. మామిడి పూత రోజులు కదా, తెల్లారేసరికి తోటలన్నీ మంచులోనే ఉంటాయి. దానికి మాత్రం వైరస్‌ను పుట్టించే శక్తి ఎక్కడిది? రైనోవైరస్‌లోనే వందకు పైగా రకాలు. ఒకసారి వచ్చిపోయింది కదా అని ధీమాగా ఉండే వీలు కూడా లేదు.

జలుబు చేసింది నాకు. వైద్యులు ఇంటినిండా. మా అమ్మది మిరియాల కషాయం, మా ఆవిడది పసుపు వేసిన ఆవిరి, ఎదురింటి బాబాయిది బుగ్గన కరక్కాయ. గొంతుకు హాయే, కాదనను. వైరస్ మాత్రం వాటికి చావదు. మరిగే నీళ్ల గిన్నె పక్కన మనవణ్ణి కూర్చోబెట్టబోతే మాత్రం గట్టిగా అడ్డుపడ్డాను.

అసలు పేచీ మా బావమరిదితో. తుమ్ము వినపడితే చాలు, చీటీ గీటీ లేకుండా అజిత్రోమైసిన్ పట్టుకొచ్చేస్తాడు. "కళ్ళె పచ్చగా పడుతోంది బావా, ఇన్‌ఫెక్షనే!" అని తీర్పు. ఆ రంగు మన తెల్ల రక్తకణాల పుణ్యం. దాన్ని చూసి బాక్టీరియా అని తేల్చడానికి లేదు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చెయ్యదు. ఊరికే మింగుతూ పోతే, నిజంగా న్యుమోనియా వచ్చిననాడు లొంగని బాక్టీరియా ఎదురవుతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీ నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అంతటి మందుల జాతిని మావాడు తుమ్ముకొకటి చొప్పున పంచుతున్నాడు. జలుబేమో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఆ ముందురోజు ఎవరి మందు పడితే కీర్తి వాళ్లది. ఈసారి వాడికి దక్కింది.

మనవడికి దగ్గు ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. నర్సమ్మ ఎవరి మాటా వినలేదు. వాడు ఏడుపు ఆపేదాకా ఆగి, చొక్కా పైకెత్తి, చేతి గడియారం చూస్తూ నిండా నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. ఏడాది నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు 40, రెండు నెలలు దాటిన ఏడాదిలోపు పిల్లలకు 50, ఆ అంకె చేరినా దాటినా న్యుమోనియా అనుమానించాలట. డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా క్షణం ఆగకూడదు. అలాంటప్పుడు అమాక్సిసిల్లిన్ లాంటిది కావాలి, అదీ బిడ్డను చూసినవాళ్లు రాసిస్తేనే. మా మనవడికి అంత లేదు. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చెప్పి పంపింది. మా ఇంటి వైద్యుల్లో ఒక్కరికైనా గడియారం చూడాలని తోచిందా?

పోతూ పోతూ నా దగ్గు విని, "రెండు వారాలు దాటినా తగ్గకపోతే కళ్ళె పరీక్ష చేయించుకోండి బాబాయ్, క్షయ ఉందేమో చూస్తారు" అంది. నా దగ్గుకింకా వారమే. అయినా ఆ రాత్రికే నా మంచం వసారాలోకి వచ్చింది. కళ్ళె డబ్బీ కూడా మా ఆవిడ ముందే అడిగి తెచ్చి తలగడ పక్కన పెట్టింది.