షాపులో అడగని చీటీ

హిందూపురమైనా, పెనుకొండైనా, ధర్మవరమైనా అదే మాట: ‘అన్నా, నిద్రమాత్రలు నాలుగియ్యి.’ మందుల షాపు అన్న కత్తెర తీసి షీటు కత్తిరిస్తాడు. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న హెచ్చరిక మిగిలిన ముక్క మీదే ఉండిపోతుంది. నిద్రమాత్రగా వాడే అల్ప్రాజోలం అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరుకెక్కించి మూడేళ్లు దాచాలని 2014 నుంచి రూలు. 2018లో నొప్పిమాత్ర ట్రమడాల్‌నూ 1985 నాటి మత్తుమందుల చట్టంలోకి లాగారు. 2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ అంటూ అధికారులు రాష్ట్రమంతటా మందుల షాపుల మీద వాలారు. గరుడుడు ఎగిరిపోయాడు, కత్తెర ఆగిందా? చీటీ లేని మత్తుమాత్ర జేబులో దొరికితే కొన్నవాడి మెడకూ కేసు చుట్టుకోవచ్చు. షాపులో ఎవరూ అడగని చీటీని స్టేషన్‌లో మాత్రం తప్పక అడుగుతారు మరి!