పచ్చ పీలిక

వాక్యం బిగుసుకుపోయిన రోజు శ్రీపాద ‘అనుభవాలూ జ్ఞాపకాలూను’ తీస్తాను. ఎక్కడ తెరిచినా సరే, నాలుగు పేజీలు చదివేసరికి నా తెలుగు మళ్లీ నోరు విప్పుతుంది. మనసే బిగుసుకుపోతే మాత్రం చాసో దగ్గరికి వెళ్తాను. చాసో దగ్గరికంటే, ఆయన కథ ‘వాయులీనం’ దగ్గరికి.

ఆయన బతికిన విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు వాయించి, పదిమందికీ నేర్పిన ఊరు. ఫిడేలంటే ఏమిటో తెలిసిన ఊళ్లో పుట్టిన కథ అది. రాజ్యం పుట్టింట నేర్చుకున్న విద్య కాపురంలో అటకెక్కుతుంది. ఆమెకు జబ్బు చేస్తే ఆ ఖర్చుల కోసం భర్త ఫిడేలు అమ్మేస్తాడు. మిగిలిన డబ్బుతో ఆమెకు చీర తెస్తాడు. చెడ్డవాడు కాడు, భార్యంటే ప్రాణం పెట్టేవాడే. చాసో అతన్ని ఒక్క మాట అనడు. అసలు గొంతే పెంచడు. ఆ నెమ్మదితనం ముందు నేను ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడతాను.

1998లో నా మొదటి సంపుటి వేసుకున్నాను. 500 కాపీలు. డబ్బు ఎలాగో సర్దుకున్నాం. ముందుమాటలో ఆ కథకే దణ్ణం పెట్టాను. తర్వాత ఎన్ని సభల్లో దాని గురించి మాట్లాడానో! రాజ్యం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పట్టేసేది.

నా దగ్గరున్న చాసో కథల పుస్తకంలో ఆ కథ పేజీ వెతుక్కోనక్కర్లేదు. చిలకపచ్చ గుడ్డ పీలిక ఒకటి అక్కడ ఉంటుంది. వేలెడు పొడవు, ఒక అంచున ఆరేడు కుట్లు, చివర దారం ముడి. ఎండ తగిలినంత మేర రంగు వెలిసిపోయింది. చదువుతూ దాన్ని వేళ్ల మధ్య నలపడం నాకు అలవాటు.

మొన్న కథలు రాసే కుర్రాడొకడు ఇంటికొస్తే ఆ పుస్తకం చేతికిచ్చాను. అది తనంతట తానే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది.

“ఇదేంటి మాస్టారూ, గుడ్డముక్క?”

“ఎప్పట్నుంచో ఉంది. పేజీ గుర్తుకు పనికొస్తోంది” అన్నాను.

కాఫీ తెచ్చిన మా ఆవిడ పీలికను చూసి ఆగింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, నాతో కాదు, ఆ అబ్బాయితో చెప్పింది.

“మా అమ్మ పెళ్లికిచ్చిన కుట్టుమిషను మీద నేను ఆఖరుసారి వేసిన కుట్లు, బాబూ. మీ మాస్టారి మొదటి పుస్తకానికి ప్రెస్సు వాళ్లకి కట్టాలని ఆ సాయంత్రమే దాన్ని ఇచ్చేశాం. ఆ కథ చదివినప్పుడల్లా కళ్లు తుడుచుకుంటారు కదా, ఇదేమిటని ఎప్పుడైనా అడుగుతారేమోనని ఆ పేజీలో పెట్టాను.”