మీ తల మీద ఏడో నంబరు స్లాటు
వాస్తు పురుషుల వారికి ఒక గృహార్థి బహిరంగ లేఖ

శ్రీ వాస్తు పురుషుల వారి సముఖానికి,
తల ఈశాన్యం, కాళ్ళు నైరుతి, మిగతా ఒళ్ళంతా మేము బేరమాడే ప్రతి ఫ్లాటు కింద.

అయ్యా,

నిజాంపేటలో ఒక పాత అపార్టుమెంటులో ఫ్లాటు చూశాం. తూర్పు గుమ్మం, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద పడగ్గది. వీధిపోటు లేదు. మా మామగారు పిలిపించిన సిద్ధాంతిగారు దిక్సూచి అరచేతిలో పెట్టుకుని గంటన్నర తిరిగారు. బాత్రూం తలుపు కూడా తెరిచి చూశారు. చివరికి "బాబూ, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నారు. నేను కళ్ళు తెరుచుకునే లిఫ్టెక్కి కిందికి దిగాను, పార్కింగు చూద్దామని.

ఆ చూసిన దాని గురించే ఈ ఉత్తరం. "ఇదేదో మున్సిపాలిటీకి రాయొచ్చుగా" అంది మా ఆవిడ. రాయొచ్చు. కానీ ఇల్లు కొనేటప్పుడు మావాళ్ళు మున్సిపాలిటీ మాట ఎక్కడ వింటారు? మీ మాటే వింటారు. నల్లా రాకపోయినా సర్దుకుంటారు గాని దక్షిణం గుమ్మమంటే మెట్లు కూడా ఎక్కరు. అంత పలుకుబడి ఉన్నవారు కాబట్టి నేరుగా మీకే విన్నవించుకుంటున్నాను.

ముందు ఆ స్టిల్టు ఫ్లోరు సంగతి. మొత్తం 600 గజాల స్థలం. పైన ఐదంతస్తులు, అంతస్తుకు మూడు చొప్పున 15 ఫ్లాట్లు. కట్టినాయన మీ భక్తుడు. ఈశాన్యంలో నీళ్ళుండాలని అక్కడ సంపు తవ్వించాడు. ఆగ్నేయం అగ్నిదని జనరేటరూ కరెంటు మీటర్లూ పెట్టాడు. నైరుతిలో బరువుండాలని మెట్లు కట్టాడు. వాయవ్యంలో వాచ్‌మన్ గది వేశాడు. నడుమ బ్రహ్మస్థానం ఖాళీగా వదలాలి గనక వదిలాడు. అది కూడా లేకపోతే లోపల ఏ బండీ తిరగదు, అది వేరే విషయం. ఇలా మూలలన్నీ పంపకాలయ్యాక పిల్లర్లు మిగిలాయి. కార్లు ఆ పిల్లర్ల మధ్య.

సిద్ధాంతిగారిని అడిగాను కూడా, బండి ఏ దిక్కున పెట్టుకోవాలని. "వాయవ్యం శ్రేష్ఠం, వాయువు కదలికకి అధిపతి" అన్నారు, మూడో అంతస్తు బాల్కనీలో నిలబడే. కిందికి దిగలేదు. దిగితే వాయవ్యంలో వాచ్‌మన్ భార్య అన్నం వారుస్తూ కనిపించేది.

ఈ ఫ్లాటుకు ఇచ్చింది ఏడో నంబరు స్లాటు. అది ఈశాన్యంలో ఉంది. సరిగ్గా సంపు మూత మీద.

అయ్యా, అంధకాసురుడితో యుద్ధంలో శివుడి చెమట బొట్టులోంచి మీరు పుట్టారనీ, మూడు లోకాలనూ మింగబోతుంటే దేవతలంతా మీదపడి బోర్లా పడదోసి అదిమి పెట్టారనీ మత్స్యపురాణం చెబుతుంది. ఎనభై ఒక్క గడుల మండలంలో నలభై అయిదుగురు దేవతలు ఇప్పటికీ మీ వీపు మీదే కూర్చుని ఉన్నారు. ఆ బరువు చాలదని ఈశాన్యంలో, అంటే మీ నెత్తిన, నా డిజైర్ కారు పెట్టమంటున్నారు. ఖాళీ బండే సుమారు తొమ్మిది క్వింటాళ్ళు. పైన హాల్లో ఈశాన్యం మూల చెప్పుల స్టాండు పెడితే దోషమట. కింద అదే మూల కారు పెడితే దోషం లేదట. ఈ తీర్పు మీరిచ్చిందేనా? మీరు బోర్లా పడుకుని ఉన్నారు కదా అని ఎవరైనా మీ పేరు చెప్పి ఇచ్చేశారా?

దోషం సంగతి మీరు తేల్చుకోండి. నా బాధ ట్యాంకరుతో. ట్యాంకరు వస్తే సంపు మూత తియ్యాలి. మూత తియ్యాలంటే ఏడో నంబరు బండి కదలాలి. "వేసవిలోనే సార్, మిగతా రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు" అన్నారు ఫ్లాటు అమ్మే పెద్దమనిషి. బోర్లు ఎండిపోయే ఈ పేటల్లో ట్యాంకర్ల వేసవి ఫిబ్రవరిలోనే మొదలవుతుందని ఆయనకూ తెలుసు. తెల్లారుజామున అయిదున్నరకి లుంగీ బిగించుకుంటూ తాళాలతో దిగే మనిషిగా నన్ను నేను ఊహించుకున్నాను. బాగానే కుదిరాను.

ఇక్కడ మీకొక మోసం చెప్పాలి. మొదటిసారి మేం ఆ ఫ్లాటు చూసింది కనుమ నాడు. సంక్రాంతికి ఊళ్ళో సగం మంది ఉండరు గదా, స్టిల్టులో ఉన్నవి మూడంటే మూడు కార్లు. "ఎంత విశాలమో చూడండి సార్, పిల్లలు క్రికెట్టు ఆడుకోవచ్చు" అన్నాడు బ్రోకరు. పండగ సెలవుల్లోనే అతను ఫ్లాట్లు ఎందుకు చూపిస్తున్నాడో అప్పుడు తట్టలేదు. మళ్ళీ మామూలు మంగళవారం రాత్రి తొమ్మిదింటికి చెప్పాపెట్టకుండా వెళ్ళాను. పదిహేను స్లాట్లలో ఇరవై ఒక్క కార్లు. అబ్బాయి ఉద్యోగంలో చేరి కొన్నది ఒకటి, ఆఫీసువాళ్ళు ఇచ్చింది ఇంకొకటి. గేటుకి అడ్డంగా ఒకటి, మెట్ల ముందు ఒకటి. బ్రహ్మస్థానంలోనే రెండు.

మర్నాడు పొద్దున ఎదురింటి అరుగు మీద కూర్చుని ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా చూశాను. (ఆ ఇంటివాళ్ళు టీ ఇచ్చారు. కొనేవాడి ముఖం దాచినా దాగదు.) వాచ్‌మన్ గది గోడకు మేకులున్నాయి. ఒక్కో మేకు పక్కన బాల్‌పెన్నుతో ఫ్లాటు నంబరు. వాటికి పదకొండు తాళంచెవులు వేలాడుతున్నాయి. 8:40కి నాలుగో అంతస్తాయన ఇన్నోవా బయటికి రావాలి. దాని ముందు తెల్ల స్విఫ్టు, స్విఫ్టు వెనక్కి రావాలంటే అడ్డంగా మన ఏడో నంబరు. వాచ్‌మన్ మూడు తాళాలు తీసుకున్నాడు. ఏడుని రోడ్డు మీదికి తెచ్చి హజార్డు లైట్లు వేశాడు. స్విఫ్టుని ఏడులోకి దూర్చాడు. ఇన్నోవా తీసి ఆయన చేతిలో పెట్టాడు. మళ్ళీ స్విఫ్టు, మళ్ళీ ఏడు. ఈలోగా రోడ్డు మీద స్కూలు బస్సు హారను. అంతా కలిపి నాలుగు నిమిషాలు, ఎక్కడా గీత పడలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ కొన్నాళ్ళు ఆటో నడిపాడట. ఆ అపార్టుమెంటులో నిజంగా కొనదగ్గది ఏదైనా ఉంటే అది అతని చెయ్యి.

"మరి నువ్వు ఊరెళితే?" అని అడిగాను.

"మేకులకి తాళాలుంటాయి బాబూ. ఎవలికి కావాలో ఆలే తీసుకుంటారు."

అక్కడ తెలిసింది నాకు. పార్కింగు బాగుందా లేదా అని అడుగులతో కొలుస్తాం గాని, దాని అసలు కొలత వేరే. పొద్దున మన ఇంట్లోంచి మనం బయటికి పోవడానికి ఎంతమందిని బతిమాలాలి, ఎంతమంది మనల్ని లేపాలి, మన బండి ఎంతమంది చేతుల్లో నలగాలి, అదీ లెక్క. ఏడో నంబరుకి ఆ లెక్క నలుగురు, ఒక ట్యాంకరు.

అడుగులూ కొలిచాననుకోండి. పిల్లరు నుంచి పక్క గీత దాకా ఏడడుగుల నాలుగంగుళాలు, గోడ నుంచి ముందుకి పదమూడున్నర. మొత్తం 99 చదరపు అడుగులు. దస్తావేజులో 100 అని ఉంది. ఆ ఒక్క అడుగూ పిల్లరు సున్నంలో పోయుంటుంది. ప్లాను గీసే ఇంజనీర్లు మామూలుగా ఒక కారుకి గీసే గడి రెండున్నర మీటర్లు బై అయిదు, అంటే 134 చదరపు అడుగులు. నా డిజైర్ పొడవు నాలుగు మీటర్లకి 5 మిల్లీమీటర్లు తక్కువ. ఆ గీత దాటితే పన్ను పెరుగుతుందని కంపెనీవాళ్ళు డిక్కీ కురచ చేసి మరీ ఆపారు. వెడల్పు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. బండి దూరాక అటూ ఇటూ కలిపి మిగిలేది ఇరవై అంగుళాలు, అదీ అద్దాలు మడిస్తే. నేను పొట్ట లోపలికి పీల్చి దిగగలను. మోకాళ్ళ నొప్పులున్న మా నాన్నగారు దిగలేరు. ముందువైపు మిగిలేది అయిదంగుళాలు. దసరాకి టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలంటే గోడకి కొట్టుకోకుండా ఎలాగో శాస్త్రం తెలిసినవాళ్ళు చెప్పాలి.

కాగితాలు ఇంకా విచిత్రం. లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేశాను. ఫ్లాటుకి చెక్కుబందీ ఉంది: తూర్పున కారిడారు, దక్షిణాన ఫలానా ఫ్లాటు, ఇలా నాలుగు దిక్కులూ శుభ్రంగా రాశారు. పార్కింగు దగ్గరికొచ్చేసరికి "100 చదరపు అడుగుల కారు పార్కింగుతో సహా", అంతే. నంబరు లేదు, దిక్కు లేదు, హద్దు లేదు. దిక్కుల కోసమే బతికే జాతి రాసుకున్న కాగితం ఇది. నంబరు రాయిస్తారా అని అడిగితే "అదంతా అసోసియేషన్‌లో నోటిమాట సార్, పదకొండేళ్ళుగా ఎవరూ అడగలేదు" అన్నారు పెద్దమనిషి. ఆయనకి కారు లేదు. స్కూటరుతో సరిపెట్టుకుని, ఏడో నంబరుని పక్కవాళ్ళ కారుకి వదిలేసి ఆ పదకొండేళ్ళూ హాయిగా ఉన్నారు. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకి అది నిజంగానే మంచి పార్కింగు.

చట్టం సంగతీ విన్నవిస్తాను. 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు మహారాష్ట్ర చట్టం కింద తీర్పిస్తూ, స్టిల్టు పార్కింగు అందరి ఉమ్మడి చోటు, దాన్ని బిల్డరు విడిగా అమ్ముకోవడం కుదరదు అంది. 2016 నాటి రెరా చట్టం ఓపెన్ పార్కింగును ఉమ్మడి ప్రాంతాల్లో చేర్చింది. మంచిదే. కానీ మనలో ఉమ్మడి ఆస్తి అంటే ముందు ఎవరు దుప్పటి పరిస్తే వాళ్ళది. ఇక్కడ ముందు పరిచింది స్థలం యజమాని వాటావాళ్ళు, తర్వాత బిల్డరు చుట్టాలు. ఆఖర్న మిగిలింది సంపు మూత. జపానులో అయితే 1962 నుంచే ఒక చట్టముంది, ఇంటికి దగ్గర్లో బండి పెట్టుకునే చోటున్నట్టు రుజువు చూపిస్తేనే బండి రిజిస్టరవుతుంది. ఆ చట్టం ఇక్కడికొస్తే ఆ ఇరవై ఒకటిలో ఆరు కార్లు షోరూములోనే ఉండిపోతాయి. (సెల్లారు ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకి హైదరాబాదు సెల్లార్లు ఎలా మునిగాయో గుర్తొచ్చి ఊరుకున్నాను.)

ఇక తూకం. పక్క వీధిలో ఇంచుమించు ఇలాంటి ఫ్లాటే, పార్కింగు విడిగా గేటు పక్కన, 78 లక్షలు చెబుతున్నారు. ఇది 72. ఆరు లక్షల తేడాకి బ్యాంకు వడ్డీ ఎనిమిదిన్నర చొప్పున ఏడాదికి 51 వేలు, రోజుకి నూట నలభై. అంటే రోజూ పొద్దున ఎవరో నాకు నూట నలభై రూపాయలిచ్చి, "నీ బండి తాళం మేకుకి తగిలించు, నాలుగు నిమిషాలు ఆగు, ట్యాంకరొస్తే లే" అంటున్నారన్నమాట. ఇలా చూస్తే అంత అన్యాయంగా లేదు. రోజూ కారులో ఆఫీసుకెళ్ళేవాడు ఈ కూలీకి ఒప్పుకోకూడదు. నేను మెట్రోలో పోతాను, కారు వారానికి రెండుసార్లు తీస్తాను. నాలాంటివాడికి గిట్టుబాటే. అర్ధరాత్రి అవసరం పడితే 108 గేటు దాకా వస్తుంది. కాకపోతే రేపు కరెంటు కారు కొనాలనుకుంటే సంపు మూత మీద చార్జరు పెట్టనివ్వరు. పదేళ్ళకి నేను అమ్మబోతే, వచ్చేవాడు కూడా టేపు పట్టుకునే వస్తాడు. ఈ ఆరు లక్షలూ లాభం కాదు, అతనికి నేను బాకీ.

మా ఆవిడ ఈ లెక్కంతా విని ఒకే మాట అంది. "కారు అమ్మెయ్యండి. నాన్నగారిని క్యాబులో తీసుకెళదాం, అది గేటు ముందే ఆగుతుంది. ఆ వంటింటికి మాత్రం పొద్దుటెండ పడుతుంది." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎంత వెతికినా దొరకలేదు. కారు అమ్మడం నాకిష్టం లేదు, అంతే.

పన్నెండో నంబరువాళ్ళకి కారు లేదని వాచ్‌మన్ చెప్పాడు. ఆ స్లాటు ఏడుతో మార్పించి, నంబరూ కొలతా దస్తావేజులో రాయిస్తే 72కే తీసుకుంటానన్నాను. పెద్దమనిషి నాలుగు రోజులు ఆలోచించి, నోటిమాటనే నమ్మమన్నారు. అడ్వాన్సు ఇవ్వలేదు. ఆ ఫ్లాటు వదిలేశాం. మా ఆవిడ ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు.

అయ్యా, మీ పాత శాస్త్రాల్లో ఆవులకీ గుర్రాలకీ దిక్కులు చెప్పారు. ఈ నాలుగు చక్రాలదాన్ని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. మీ వీపు మీదున్న నలభై అయిదుగురిలో తీరిగ్గా ఉన్నవారెవరైనా ఉంటే వారికి అప్పగించండి. అది కుదరకపోతే కనీసం ఒక్క పని చేయించండి. మీ పేరు మీద ఇళ్ళు చూసే సిద్ధాంతులందరూ ఏ సెలవూ లేని రోజు రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి స్టిల్టులోకి దిగి చూడాలని ఆజ్ఞాపించండి. దిక్సూచితో పాటు పదహారడుగుల టేపు కూడా పట్టుకెళ్ళమనండి. మా సిద్ధాంతిగారి టేపు ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ఇరవై అంగుళాల సందులోంచి బయటపడిన
మీ భక్తుడు