బానెట్ ఎత్తితే ఇంజన్ కనిపించేది

మొన్న ఆదివారం మా మనవడు కొత్త కారు తెచ్చి ఇంటి ముందు ఆపాడు. కరెంటు కారు. "తాతయ్యా, నాలుగు సెకన్లలో అరవై మైళ్ళ వేగం అందుకుంటుంది" అన్నాడు. "బానెట్ ఎత్తు నాయనా, చూస్తాను" అన్నాను. ఎత్తాడు. లోపల ఓ ప్లాస్టిక్ మూత, దాని కింద సంచులు పెట్టుకునే తొట్టి. చూడడానికి ఇంకేమీ లేదు. వాడు ఏదో మీట నొక్కితే స్పీకర్లలోంచి ఇంజన్ మోత వచ్చింది. లేని ఇంజన్‌కి మోత! నా మనసు చివుక్కుమంది.

నేను కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించి, పై చదువుకి 1968లో డెట్రాయిట్ వచ్చాను. అప్పట్లో మన దగ్గర అంబాసిడర్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. ఇక్కడ చూస్తే, ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే ఇరవై రెండేళ్ళ కుర్రాడు శుక్రవారం సాయంత్రం సొంత రెండు తలుపుల కూపేలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీదికి వచ్చేవాడు. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి పాంటియాక్ దాకా వెళ్ళే రోడ్డది. సిగ్నల్ దగ్గర రెండు బళ్ళు పక్కపక్కన ఆగితే చాలు, పచ్చ దీపం పడగానే నేల అదిరేది. మోత విని ఏ కంపెనీ బండో, ఏ ఇంజనో చెప్పేసేవాళ్ళం.

ఆ బళ్ళు కోటీశ్వరుల కోసం పుట్టినవి కావు. 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ ముస్టాంగ్ వచ్చినప్పుడు దాని ధర 2,368 డాలర్ల దగ్గర మొదలైంది. పాంటియాక్ జీటీఓ కూడా 1964 మోడల్‌గానే వచ్చింది. మధ్యరకం బళ్ళలో 330 క్యూబిక్ ఇంచీలకు మించిన ఇంజన్ పెట్టకూడదని పై కంపెనీ జనరల్ మోటార్స్ నియమం పెడితే, పాంటియాక్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం 389 ఇంజన్‌ని అదనపు సామగ్రి పేరుతో అందులో ఇరికించింది. 5,000 అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి ఏడాదే 32,450 పోయాయి. ఆ తర్వాత ఛార్జర్, కమారో, ఫైర్‌బర్డ్ ఒకదాని వెనక ఒకటి దిగాయి. 1968లో ప్లిమత్ వాళ్ళు హంగులన్నీ తీసేసి రోడ్ రన్నర్ తెచ్చారు. కింద తివాచీ కూడా లేదు, ఉత్త రబ్బరు పట్టా. కానీ 383 క్యూబిక్ ఇంచీల ఇంజన్, 335 గుర్రాల బలం, నాలుగు గేర్లు. మన అంబాసిడర్ ఇంజన్లు నాలుగు కలిపినా దానికి సరిపోవు. ధర 2,896 డాలర్లు. ఆ ఏడాది అమెరికాలో మధ్యతరగతి కుటుంబం ఆదాయం సుమారు 8,600 డాలర్లు. అందులో మూడో వంతుకి కొత్త బండి!

ఉద్యోగం వచ్చిన ఏడాది, 1971లో, ఒకరు వాడిన రోడ్ రన్నర్ కొన్నాను. ఎదురింటాయన ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో పనిచేసేవాడు. ఓ శనివారం పొద్దున్నే తన షెడ్డులోకి రమ్మని, నా చేతికి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఇచ్చాడు. ప్లగ్గులకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాం. పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సరిచెయ్యాలి. గేజ్ రేకు సందులోకి దూరాలి, కానీ వదులుగా జారిపోకూడదు. తర్వాత ఇంజన్ ముందున్న పుల్లీ మీది గుర్తుకి సుద్ద రాసి, బండి స్టార్ట్ చేసి, టైమింగ్ లైట్ కొట్టాడు. అంత వేగంగా తిరుగుతున్న పుల్లీ మీద ఆ తెల్ల గీత కదలకుండా నిలబడినట్టు కనిపించింది. డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పితే గీత కొంచెం జరిగేది, ఇంజన్ గొంతు మారేది. మరికాస్త తిప్పాను. అప్పటిదాకా తడబడుతున్న ఇంజన్ ఒక్కసారిగా గొంతు సవరించుకున్నట్టు సాఫీగా పాడింది. కాలేజీలో నాలుగేళ్ళు పుస్తకాల్లో చదివింది ఆ పావుగంటలో నా వేళ్ళకి తెలిసింది.

ఇప్పుడో? నిరుడు నా బండిలో పసుపు దీపం వెలిగింది. వర్క్‌షాపుకి తీసుకెళితే కుర్రాడు కంప్యూటర్ తగిలించాడు. తెర మీద అంకె వచ్చింది. ఆ అంకె చూసి ఓ సెన్సర్ మార్చాడు. ఏమైందని అడిగితే, "ఆ కోడ్ వచ్చిందండీ" అన్నాడు. బిల్లు 600 డాలర్లు. రెండు వారాలకి మళ్ళీ అదే దీపం. ఆ కుర్రాడిది తప్పనను. బండి లోపలికి చెయ్యి పెట్టి తెలుసుకునే అవకాశం వాడికి ఎవరిచ్చారు?

ధరా అంతే. అమెరికాలో కొత్త బండి సగటు ధర 50 వేల డాలర్ల దగ్గరుంది. పాతవాటి సంగతి ఇంకా అన్యాయం. 'బులిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ ముస్టాంగ్ 2020లో వేలంపాటలో 34 లక్షల డాలర్లు పలికింది. కూలివాడి బండి కోటీశ్వరుడి నగ అయింది. పేర్ల సంగతీ అంతే. 1970 మార్చిలో టాలడేగా రేసు ట్రాక్ మీద డాడ్జ్ ఛార్జర్ డేటోనా గంటకి 200 మైళ్ళు దాటింది. అదే పేరు ఇవాళ బ్యాటరీ బండికి తగిలించి, ఉత్తుత్తి మోత వినిపిస్తున్నారు.

ఉన్నమాట చెప్పాలి. ఆ పాత బళ్ళలో చాలావాటికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఆ ఏళ్ళలో అమెరికా రోడ్ల మీద ఏటా 50 వేల మందికి పైగా చనిపోయారు. పెట్రోల్లో సీసం ఉండేది. ఇన్సూరెన్సు రేట్లు, 1970 గాలి కాలుష్య చట్టం, 1973 చమురు కరువు కలిసి ఆ బళ్ళకి మంగళం పాడాయి. ఇవాళ్టి బ్రేకులు, సీటు బెల్టులు, గాలి సంచులు ముమ్మాటికీ మేలు, నా మనవడు వాటి మధ్య కూర్చున్నందుకు నిశ్చింతగా ఉన్నాను. కానీ ప్రాణం కాపాడే బ్రేకు పెట్టడానికి, బానెట్‌కి తాళం వెయ్యక్కర్లేదు కదా! తన బండిని తను విప్పి చూసుకునే హక్కు మనిషికి ఉండాలి. మా రోజుల్లో అది ఉండేది, ఇప్పుడు పోయింది.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్‌లో, నోవైలో, కాంటన్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకి ఒక మాట. ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ మీద ఆ పాత బళ్ళ ఊరేగింపు జరుగుతుంది. పిల్లల్ని తీసుకురండి. ఫొటో దిగి వెళ్ళిపోకండి. బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయనని, బానెట్ ఎత్తి చూపించమని అడగండి. ఏది దేన్ని తిప్పుతుందో పిల్లల్ని కళ్ళారా చూడనివ్వండి.