షరతులు వర్తిస్తాయి

హైదరాబాదులో మూసీ మీది నయాపూల్ వంతెనకి ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, దక్షిణపు ఒడ్డున హైకోర్టు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. అలాంటి చోట పగటిపూట 50 డెసిబెల్స్ దాటకూడదు. అంటే ఇద్దరు మనుషులు నింపాదిగా మాట్లాడుకునేంత చప్పుడు. ఇటు రోగులు, అటు జడ్జీలు ఉన్నారు కాబట్టి ఆ వంతెన రెండు కొసలూ మునివాటికల్లా ఉండాలి. నేను చూసినంతలో మాత్రం, ఒకే స్కూటర్ మీద ముందూ వెనకా కూర్చున్న మొగుడూ పెళ్లాలు కూడా అక్కడ సైగలతోనే సంసారం చేస్తారు.

నేను వకీలు గుమాస్తాని. నారాయణగూడలో ఇల్లు. కోఠి, అఫ్జల్‌గంజ్ దాటి వంతెనెక్కి దిగితే నౌకరీ. పొద్దున్నే పార్కులో యోగా, పదిన్నరకి కోర్టు. ఈ రెంటికీ ఏళ్ల తరబడి ఏ పేచీ లేదు. పార్కులో వెన్ను వంచేవాణ్ణి, కోర్టులో నడుం వంచేవాణ్ణి. పేచీ పెట్టింది మా యోగా మాష్టారు. అందరం శవాసనంలో ఉండి, కొందరం పాత్రలో లీనమై గురక కూడా పెడుతున్న వేళ ఆయన మెల్లిగా అన్నాడు: “ఆసనం మూడో మెట్టండీ. మీరు మొదటి రెండు మెట్లూ ఎక్కకుండా తిన్నగా వచ్చి మూడోదాని మీద పడుకున్నారు.”

పతంజలి లెక్కలో మొదటి మెట్టు యమం: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. రెండోది నియమం: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం. ఇవన్నీ అయ్యాకే ఆసనం. యోగసూత్రాలు 195 అని కొందరు, 196 అని కొందరు అంటారు గానీ, ఎలా లెక్కపెట్టినా అందులో ఆసనానికి దక్కినవి మూడే. మనకి యోగా అంటే ఆ మూడే. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో లక్షల మంది ఒక్కసారిగా ఆసనాలు వేసి గిన్నిస్‌కెక్కారు. సంతోషమే. అంతమందినీ ముప్పావుగంట సేపు అబద్ధమాడకుండా ఉండమని పోటీ పెడితే మాత్రం రికార్డుకి లక్షలక్కర్లేదు, చివరికి పదిమంది మిగిలినా చాలు.

ఇంతవరకూ నాకేం భయం వెయ్యలేదు. వకీలు నీడన బతికేవాణ్ణి కదా, ఏ నిబంధన చూపించినా ముందు దాని కింద మినహాయింపు ఎక్కడుందని వెతుకుతాను. వెతికాను. యమాల కింద ఉన్న సూత్రంలోనే పతంజలి తలుపులన్నీ మూసేశాడు. ఈ వ్రతాలకి జాతి, దేశం, కాలం, సమయం (అంటే సందర్భం) అనే నాలుగు సాకులూ చెల్లవన్నాడు. వ్యాసభాష్యం ఆ సాకులు ఎలా ఉంటాయో కూడా రాసింది. జాలరి “చేపల్ని తప్ప ఇంకే ప్రాణినీ చంపను” అంటాడు, అది జాతి సాకు. ఒకడు “పుణ్యక్షేత్రంలో మాత్రం చంపను” అంటాడు, ఇంకొకడు “చతుర్దశినాడు చంపను” అంటాడు. నాలుగోవాడు మరీ తెలివైనవాడు, “దేవుళ్ల కోసం, బ్రాహ్మల కోసం తప్ప చంపను” అంటాడు.

ఆ భాష్యకారుడు ఏ కాలంవాడో కానీ, అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో నిలబడి రాసినట్టుంది. మన నీతంతా ఈ నాలుగు స్తంభాల మీదే ఉంది. మాంసం ముట్టను, శనివారం పూట. లంచం పుచ్చుకోను, దసరా మామూలు లంచం కిందికి రాదు. అబద్ధమాడను, ఫోన్లో మాట్లాడేది లెక్కలోకి రాదు. పట్టుచీరల ప్రకటన కింద చీమ తలకాయంత అక్షరాలతో షరతులు వర్తిస్తాయని రాస్తారే, అలా ప్రతివాడి ధర్మం కిందా ఒక గీత ఉంటుంది.

సరే, ఎక్కడైతే సాకులు ఎక్కువో అక్కడే మొదలుపెడదామనుకున్నాను. దేశం నయాపూల్, కాలం పదింబావు, జాతి గుమాస్తా.

మొదటిది అహింస. హారన్ కొట్టకూడదని తీర్మానించుకున్నాను. వంతెన మొదట్లో నా ముందొక తోపుడుబండి అడ్డమొచ్చింది. బండినిండా బొప్పాయిలు. తోసేవాడు పెద్దవాడు. హారన్ కొట్టకుండా ఆగాను. అహింసలో నిలిచినవాడి సన్నిధిలో చుట్టుపక్కలవాళ్లు తమలో తమకున్న వైరం వదిలేస్తారని పతంజలి హామీ ఇచ్చాడు. అక్షరాలా అదే జరిగింది. అంతవరకూ నా వెనక ఒక ఆటో డ్రైవరూ ఒక బస్సు డ్రైవరూ ఒకరి వంశాన్ని ఒకరు కెలుక్కుంటున్నారు. నన్ను చూడగానే ఇద్దరూ వైరం మానేసి ఒక్కటైపోయారు.

“క్యా చచ్చా, సోగయే క్యా?” అన్నాడు ఆటో అతను.

“ఓ పెద్దమనిషీ, ధర్నా చేస్తున్నవా?” అన్నాడు బస్సాయన.

“అహింస చేస్తున్నా” అన్నాను.

“అది ఇంటికాడ చేస్కో. ఈడ బండి తియ్యి.”

దేశం సాకు అంటే ఇదే. ఆయనకి అహింస మీద అభ్యంతరమేమీ లేదు, నయాపూల్ మీద వద్దన్నాడంతే.

సత్యం ఇంకా కష్టం, ఎందుకంటే హైదరాబాదులో సగం అబద్ధాలకి ఆధారం ఆ వంతెనే. “ఎక్కడున్నావు?” అని ఎవరడిగినా “నయాపూల్ మీద ఇరుక్కున్నా” అంటే చాలు, ఎదుటివాడు ఇంకో ప్రశ్న వెయ్యడు, పైగా జాలిపడతాడు. నిరూపణ అక్కర్లేని ఇలాంటి సాక్ష్యం ఏ చట్టంలోనూ లేదు. మా వకీలు సాబ్ ఫోన్ చేసినప్పుడు నేను సత్యవ్రతుణ్ణై, “సార్, ఇంకా ఇంట్లోనే ఉన్నా, ఇడ్లీ తింటున్నా” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, “ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగారు. సత్యంలో స్థిరపడినవాడు ఏమంటే అది జరిగి తీరుతుందని కూడా పతంజలి అన్నాడు. దీనికి మాత్రం సత్యంలో స్థిరపడక్కర్లేదు. నయాపూల్ మీద ఇరుక్కున్నానని నారాయణగూడ ఇంట్లోంచి చెప్పి బయల్దేరండి, కాసేపటికి ఆ మాట దానంతటదే నిజమవుతుంది.

అస్తేయం అంటే దొంగతనం చెయ్యకపోవడం. నేను దొంగని కాను. కాకపోతే కోర్టు వరండాల్లో పెన్నుల ధర్మం వేరుగా ఉంటుంది. వకాలత్ మీద సంతకానికి పెన్ను అడిగి తీసుకుంటారు, సంతకమయ్యాక అది పక్కవాడికి వెళుతుంది, అక్కణ్ణించి ఇంకొకడికి. ఎవరూ దొంగ కాదు, పెన్ను మాత్రం ఉండదు. నేనొకాయన పెన్ను వెతుక్కుంటూ వెళ్లి తిరిగిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, కాగితం మీద గీసి చూసి, “రాస్తూనే ఉందే! మరెందుకు తెచ్చావు?” అన్నాడు.

దొంగతనం మానినవాడి దగ్గరకి రత్నాలన్నీ వాటంతటవే వస్తాయట. ఈ సంగతి మా ఆవిడకి చెప్పడం నా పొరపాటు కాదు, మాష్టారి పాఠం ఇంట్లో వప్పజెప్పాలి కదా. మేనకోడలి పెళ్లి దగ్గరపడింది. మదీనా చౌరస్తా దాటి పత్తర్‌గట్టీకి వెళ్లాం. ఆ రాతి కమానుల కింద దుకాణాల్లో బేరం చూడనివాడు ఈ దేశంలో దౌత్యం గురించి మాట్లాడకూడదు.

“పన్నెండొందలమ్మా. మీకు కాబట్టి కొన్న రేటు, ఖసమ్‌సే” అన్నాడు కొట్టాయన.

“మదీనా దగ్గర ఆరొందలకే ఇస్తానన్నాడు” అంది మా ఆవిడ.

“మనం మదీనా దగ్గర ఆగనేలేదు కదా” అన్నాను నేను.

ఆయన నా వంక ఎంతో ప్రేమగా చూసి, “సాబ్ సచ్చే ఆద్మీ హై” అని కుర్రాడితో నాకు చాయ్ తెప్పించాడు. ధర రూపాయి కూడా తగ్గించలేదు. ఆవిడ ఏమీ అనలేదు. నేరుగా పక్కనున్న ముత్యాల కొట్లోకి నడిచింది. రత్నాలు వాటంతటవే వచ్చాయి, బిల్లుతో సహా.

నా అభిప్రాయంలో ఆ బేరంలో మోసం లేదు. అతని అబద్ధం పైనుంచి దిగుతుంది, ఆవిడ అబద్ధం కిందినుంచి ఎక్కుతుంది, రెండూ కలుసుకున్న చోట న్యాయమైన ధర ఉంటుంది. మధ్యలో సత్యం దూరి చెడగొట్టింది. పతంజలి మా ఆవిడతో ఒక్కసారి బజారుకొచ్చుంటే సత్యం పక్కన ఒక ఉపసూత్రం తప్పకుండా రాసేవాడు.

బ్రహ్మచర్యం గురించి పెళ్లయినవాడు మాట్లాడకపోవడమే మర్యాద. కానీ నయాపూల్ ఒడ్డునే దానికొక గట్టి ఉదాహరణ ఉంది. మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. నిజాం దగ్గర దివాన్‌గా 1912లో చేరి, 1914లో వదిలేసి, 1949లో పోయేదాకా పెళ్లి చేసుకోలేదు. నాలుగో యమం నూటికి నూరు మార్కులు. ఐదోది అపరిగ్రహం, అంటే అక్కర్లేనివి పోగెయ్యకపోవడం. అందులో సున్నా. గడియారాలు, కత్తులు, పింగాణీ, తివాచీలు, దంతపు కుర్చీలు, పుస్తకాలు, కనిపించిందల్లా కొన్నాడు. తాతగారు రోమ్ నుంచి 1876లో తెచ్చిన మేలిముసుగు రెబెకా శిల్పం ఎలాగూ ఇంట్లో ఉండనే ఉంది. వారసులు లేరు కాబట్టి అదంతా మ్యూజియమైంది. 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలో తెరిచాడు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. పోగెయ్యనివాడికి పూర్వజన్మల జ్ఞానం కలుగుతుందని పతంజలి ఫలశ్రుతి. ఇక్కడ ఆయన పోగేశాడు, జ్ఞానం టిక్కెట్టు కొన్న మనకి కలుగుతోంది. సూత్రం ఇలా కూడా పనిచేస్తుందని పతంజలికి తట్టినట్టు లేదు.

ఇదే ఊళ్లో ఏడో నిజాం జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకునేవాడు. అది పరిగ్రహమో వైరాగ్యమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మా ఆఫీసులో ఫైళ్ల మీద ఒక ఇటుకముక్క ఉంది. దాన్ని వజ్రం అనుకోవడం నేను అభ్యాసం చేస్తున్న సంతోషం.

ఇక శౌచం. వంతెన మీద ఒకాయన బైకు ఆపాడు. పూజలో వాడిన పూలు ప్లాస్టిక్ కవర్లో కట్టి తెచ్చాడు. కవరు కళ్లకద్దుకుని, దణ్ణం పెట్టి, మూసీలోకి విసిరాడు. “బాబూ, కవరు కూడానా?” అన్నాను. “దేవుడి పూలు సార్, చెత్తబుట్టలో వేస్తారా?” అని నా మీద కోపం చేశాడు. న్యాయమే. కానీ ఆయన ఈశ్వర ప్రణిధానం ఆ ప్లాస్టిక్ కవరుతో సహా వెళ్లి నా శౌచం మీద పడింది. పదింటిలో మొదటిదానికీ చివరిదానికీ పడదనుకున్నా సర్దుకోవచ్చు. నియమాల్లో మొదటిదీ చివరిదీ ఒకే కవర్లో కొట్టుకుంటే ఏం చెయ్యాలి?

ఈ విషయంలో నాకు నచ్చినవాడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది. వేలమంది పోయారు. వంతెనల్లో పురానాపూల్ ఒక్కటే నిలిచింది. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారంటారు. పండితులు చెప్పిన మీదట నిజాం స్వయంగా ఏటికి చీరా సారే సమర్పించి దణ్ణం పెట్టాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదీ ఈశ్వర ప్రణిధానం. అక్కడితో ఆగిపోయి ఉంటే మనం ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి, మళ్లీ వరద రాకుండా ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. దాని ఫలమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. భారం దేవుడి మీద వేసి, పని ఇంజనీరుకిచ్చాడు. మా కక్షిదార్లు మాత్రం భారం దేవుడి మీదా పని గుమాస్తా మీదా వేస్తారు, ఫీజు మాత్రం వచ్చే వాయిదాకి.

స్వాధ్యాయానికి అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా పేరుతో పుట్టింది. అక్కడ కుర్రాళ్లు పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని తలెత్తకుండా కూర్చుంటారు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ఆ ఓపికని నేను తపస్సు కింద కూడా జమ చేస్తాను. వాళ్లముందు మా పార్కు బృందం చేసేది కాళ్లూ చేతులూ ఆడించడమే.

నా తీర్పు ఇది. చాప మీద ధర్మం సులువు, ఎందుకంటే ఆ చాప మీద మనమొక్కరమే ఉంటాం. పక్కన ఇంకొకడు స్కూటరేసుకుని రాగానే పరీక్ష మొదలవుతుంది, దాంతోపాటు సాకూ మొదలవుతుంది. పతంజలి సాకులు తీసెయ్యమన్నాడు. నేను నాలుగింట్లో జాతి సాకు తీసేశాను, గుమాస్తాననే కారణంతో అబద్ధమాడటం మానేశాను. మిగతా మూడూ వాయిదాలో ఉన్నాయి.

మీకు ఓల్డ్ సిటీలో పని పడితే వంతెన దిగాక ఎడమపక్క సాలార్‌జంగ్ మ్యూజియంలోకి మధ్యాహ్నం పన్నెండుకి కాస్త ముందుగా వెళ్లండి. గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది చూడ్డానికి జనం నేలమీదా బల్లలమీదా కూర్చుని ఉంటారు. ఎవరూ తోసుకోరు, ఎవరూ అరవరు, అందరి చూపూ ఒక్కచోటే. పన్నెండింటికైతే దెబ్బలు పన్నెండు, అందుకే ఆ వేళకి జనం ఎక్కువ. శుక్రవారం వెళ్లకండి, సెలవు.