చేతులకే పేరు

నన్ను ఇంట్లోకి రానివ్వరు. నాంపల్లిలో మా అమ్మాయి వాళ్లది రెండో అంతస్తు. బాల్కనీలో తులసికోటకు ఎంత దూరం వీలైతే అంత దూరంలో, ఎండ పడే మూల నాది. కంపు కొడతానట. కొడతాను, కాదనను. మేజోడు లేని పాదం, ముడుచుకున్న వేళ్లతో, గంటల తరబడి చెమటలో నానితే గంధం వాసన వస్తుందా?

నేను క్లైంబింగ్ షూని. కుడికాలిది. మా అమ్మాయి మామూలు చెప్పు సైజు కన్నా నేను ఒక సైజు తక్కువ. వేలికీ నాకూ మధ్య ఖాళీ ఉంటే బరువు వేలి కొసమీదికి దిగదు. మాకు మూలపురుషుడు ఫ్రాన్స్‌లో పియర్ అలెన్. ఫాంటెన్‌బ్లో అడవిలోని బండల మీద పాకడానికి ఆయన నున్నటి రబ్బరు అడుగు వేసి బూటు చేయించాడు. 1980ల మొదట్లో స్పెయిన్‌లోని బోరియల్ కంపెనీ బంకలా అతుక్కునే రబ్బరు తెచ్చాక మా జాతి దశ తిరిగింది.

మా అమ్మాయి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒక ఫోన్ల దుకాణంలో లెక్కలు రాస్తుంది. పొద్దస్తమానం కుర్చీలోనే. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలు పరుచుకునే వేళకు మేం నాంపల్లి మెట్రో ఎక్కుతాం. అమీర్‌పేటలో బండి మారి రాయదుర్గం. బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ అడిగేది ఒకటే: “పైసలు గట్టి గోడలెక్కుడేందే? గా మెట్లు ఎక్కుతలేవా రోజూ?”

నాకైతే ఇంకో వింత కనిపిస్తుంది. రాయదుర్గం చుట్టుపక్కల రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండల్ని పేల్చి అద్దాల మేడలు కట్టారు. మిగిలినవాటి కోసం 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పెట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు అదే చుట్టుపక్కల ప్లైవుడ్ గోడకు ప్లాస్టిక్ రాళ్లు బిగించి, ఎక్కడానికి టికెట్టు పెట్టారు. ఇది మన ఊరి కనిపెట్టుడు కాదులెండి. 1964లోనే ఇంగ్లండ్ లీడ్స్ యూనివర్సిటీలో డాన్ రాబిన్సన్ నడవా గోడలో రాళ్లు పొదిగించాడు. అక్కడ బాధ బండలు లేక కాదు, వాన భయం.

మేం వెళ్లే క్లైంబింగ్ జిమ్ లోపల గోడ నిండా రంగురంగుల ప్లాస్టిక్ రాళ్లు, వాటినే హోల్డులంటారు. ఒక్కో రంగు ఒక్కో రూటు. మొదలుపెట్టేచోట టేపు అంటించి ఉంటుంది, పైనున్న ఆఖరి హోల్డును రెండు చేతులతో పట్టుకుంటే రూటు పూర్తి. తాడు ఉండదు, కింద లావుపాటి పరుపు ఉంటుంది. పిడికిలి నిండా దొరికేది జగ్, వేళ్ల కొసలు మాత్రమే ఆనేది క్రింప్, ఎక్కడా అంచు లేకుండా గుండ్రంగా జారిపోయేది స్లోపర్. కొత్తవాళ్లు జగ్‌ను చూసి సంబరపడతారు. మా అమ్మాయీ అంతే. చేతులతో లాగింది, లాగింది, సగం గోడ దాటేసరికి ముంజేతులు రాయిలా బిగుసుకున్నాయి, వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. పరుపు మీద పడి నవ్వింది.

ఇక్కడే నా కడుపుమంట. అందరూ చేతులకే చాక్ పొడి పూస్తారు. అరచేతులకే ఫొటోలు తీస్తారు. పని పాదానిది! బొటనవేలి లోపలి అంచును చిన్న హోల్డు మీద చప్పుడు కాకుండా ఆనించి, తుంటిని గోడకు దగ్గరగా తెచ్చి, చెయ్యి చాచి ఉంచి, మోకాలు నిటారు చేస్తే మనిషి తనంత తాను లేస్తుంది. హోల్డే లేని చోట నన్ను ప్లైవుడ్‌కు అదిమి నిలబడాలి. నమ్మకంగా బరువు వేస్తే పట్టు పెరుగుతుంది, భయపడి బరువు తీస్తే జారతాను. ఇది చెప్పినంత తేలిక కాదు. పది అడుగుల ఎత్తున బుద్ధి ‘వద్దు’ అంటుంటే కాలు వణుకుతుంది. ఆ వణుకు ముందు నాకే తెలుస్తుంది.

ఆ వేళ కింద ముక్కూమొహం తెలియనివాళ్లు గుమిగూడి అరుస్తారు: “ఎడమ కాలు పైకి! ఇంకొంచెం!” ఒకాయన ఐటీ ఉద్యోగి, ఇంకొకడు పదో తరగతి కుర్రాడు. పడిపోతే అందరూ అయ్యో అంటారు, మళ్లీ తలా ఒక ఉపాయం చెబుతారు. అంత ఉచిత సలహా అబిడ్స్ చౌరస్తాలో కూడా దొరకదు.

మలావత్ పూర్ణ పేరు అక్కడ తరచుగా వినిపిస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. ప్లాస్టిక్ రాళ్ల మీద కాదు, భువనగిరి ఏకశిల మీద తొలి పాఠాలు నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. మంచుకొండకు వేరే బూట్లు కావాలి, నేను పనికిరాను. భువనగిరి బండ మీదైతే పూర్ణ కాళ్లకూ మావాళ్లే తోడయ్యుంటారని నా గర్వం.

మొన్న నా బొటనవేలి దగ్గర రబ్బరు పల్చబడింది. మా అమ్మాయి నన్ను సంచీలో వేసుకుని అబిడ్స్‌లో చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నన్ను అటూ ఇటూ వంచి చూశాడు.

“ఏం షూ బిడ్డా ఇది? మడిమ కాడ బాగుంది, వేలు కాడనే అరిగింది. వేళ్ల మీద నడుస్తవా?”

“నడుస్తలేను తాతా, ఎక్కుతున్న.”

“గిసొంటి రబ్బరు నా తాన లేదు. పట్టీ ఊడొస్తంది, అది కుట్టిస్తా.”

పట్టీ కుట్టాడు. అడుగు మార్చడానికి నన్ను వేరే ఊరు పంపాలట. ఇప్పుడే కాదు అంటోంది మా అమ్మాయి. తను ఇంకా పూర్తి చేయని పసుపు రూటును వచ్చే వారం విప్పేస్తారు, మూడో హోల్డు దగ్గర కాలు ఇంకా కుదరలేదు.